తువ్వాలు కింద రాజ్యం

ఇది రాజుల కథ. కాబట్టి కాస్త నిటారుగా కూర్చొని చదవండి. ఇందులో సింహాసనం ఉంది. అన్నదమ్ముల పోరు ఉంది. ఏళ్ళ తరబడి తన వంతు కోసం కాచుకున్న యువరాజు ఉన్నాడు, బతికుండగానే గద్దె దిగిన మహారాజు ఉన్నాడు. దూరాన ఎడారి కూడా ఉంది. ఇంతకన్నా ఏం కావాలి?

అంటే, నిజం చెప్పాలంటే, అంత లేదు. గుర్రాల బదులు రెండు ఎద్దులున్నాయి, వాటిలో ఒకటి కాడి కింద పడుకునే రకం. కత్తి ఒకటి ఉంది గానీ అది టెంకాయలు కొట్టేది. సింహాసనమంటే మా ఇంటి ముందరి అరుగు, మేం జగిలి అంటాం, దాని మీద పరిచిన గొంగళి. యువరాజుకు అరవై దాటాయి, పై వరసలో పళ్ళు లేవు.

ఆ యువరాజు మా చిన్నతాత, అంటే మా తాతకు తమ్ముడు. పోయిన నెల పోయాడు. పోయేటప్పుడు గొప్ప మాటేదీ చెప్పలేదు. "ఎనుములకు నీళ్ళు పెట్టినారా?" అని అడిగి, జవాబు వినకుండానే పోయాడు. పెట్టలేదు.

దినాల రోజు మడకశిర నుంచి వచ్చిన చుట్టం ఒకాయన, ఒబ్బట్టు మీద నెయ్యి పోయించుకుంటూ, "మంచోడే లే గానీ, అన్నను దించినోడప్పా" అన్నాడు. పంక్తిలో ఉన్నవాళ్ళంతా నములుతూనే తలలూపారు. అందుకే ఇది రాస్తున్నాను. అవును, దించాడు. పట్టపగలు, అందరి ముందర, పేపరు చదివించి మరీ దించాడు. మంచిపని చేశాడు. ఒబ్బట్లు తిన్నవాళ్ళు ఈ ముక్క కూడా తిని అరిగించుకోండి.

ముందు మా ఇంటి రాజ్యాంగం చెప్పాలి. పరిగి దగ్గర మా పల్లె. మా ముత్తాతకు ముగ్గురు కొడుకులు. చివరి రోజుల్లో ఆయన ముగ్గురినీ మంచం దగ్గరికి పిలిచి, "పెద్దోడు, వాని తర్వాత నడిపోడు, వాని తర్వాత చిన్నోడు. మీ ముగ్గురూ అయినాకనే మీ కొడుకుల మాట" అన్నాడట. రాజ్యాంగం అంతే. సవరణలు లేవు. పెద్దతాత గద్దెనెక్కాడు. నడిపోడు మా సొంత తాత. తన వంతు రాకముందే కలరా తగిలి పోయాడు. ఆయన కొడుకు మా నాయన రైల్వేలో చేరి గుంతకల్లుకు వెళ్ళిపోయాడు. ఆయనకు రాజ్యం మీద ఆశ లేదు, పెన్షన్ మీద ఉంది. అట్లా యువరాజు పదవి చిన్నతాతకు దక్కింది. దక్కి, కదలకుండా అక్కడే ఉండిపోయింది. పెండ్లాం చిన్న వయసులోనే పోయింది, పిల్లలు లేరు. ఆయనకున్నదంతా ఆ వంతు ఒక్కటే.

రాజ్యమంటే ఏమిటని మీరు అడగొచ్చు. విత్తనం ఎప్పుడు వేయాలో చెప్పడం, ముందుగా సంగటి ముద్దలో చెయ్యి పెట్టడం, ఇవన్నీ చిన్న అధికారాలు. అసలు అధికారం హిందూపురం పశువుల సంతలో ఉండేది. అక్కడ ఎద్దు బేరం నోటితో జరగదు. దళారి తన చెయ్యి, మన చెయ్యి కలిపి పైన ఒక తువ్వాలు కప్పుతాడు. కింద వేళ్ళు పట్టుకొని ధర చెప్పుకుంటారు. ఇన్ని వేళ్ళు పడితే ఇంత, మడిస్తే ఇంత, అరచేతిలో గీకితే కుదరదు అని. చుట్టూ నిలబడినవాళ్ళకు అంకె తెలీదు, పైకి మాత్రం ఇద్దరూ వానల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. ఇంటి యజమాని చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఆ తువ్వాలు కిందికి పోకూడదు. అది సంత మర్యాద. యజమాని భుజం మీద ఉండే తువ్వాలే దానికి గుర్తు.

మా ఇంట్లో ఎద్దును చూసేది చిన్నతాత. పళ్ళు పట్టి వయసు చెప్పేది, ఒంటి మీద సుడులు వెతికేది, ఇసుకలో నడిపించి గిట్టల గుర్తులు చూసేది, తోక ఎత్తేది అన్నీ ఆయనే. ఆయన తల ఊపగానే పెద్దతాత ముందుకు వచ్చి చెయ్యి పెట్టేవాడు. చిన్నతాత తన వయసంతా ఎద్దుకు వెనకవైపున గడిపాడని నేనొకసారి అంటే, అవ్వ తెడ్డు విసిరింది. అవ్వ అంటే పెద్దతాత భార్య. మా నాయన గుంతకల్లులో ఉన్నా నన్ను పల్లెలో పెంచింది ఆమే. తెడ్డు తగల్లేదు.

తువ్వాలు కిందికి పోలేని ఆ చెయ్యి ఊరికే ఉండేది కాదు. బస్సులో కూర్చున్నా, అవ్వ సంగటి గెలికే పొయ్యి ముందర కూర్చున్నా, ఒళ్ళో తువ్వాలు కప్పుకొని కింద రెండు చేతులూ కలిపి తనతో తానే బేరం చేసేవాడు. కుడిచెయ్యి అమ్మేది, ఎడమచెయ్యి కొనేది. ముఖం గంభీరంగా పెట్టుకొని వానల గురించి మాట్లాడేవాడు. ఒక్కోసారి బేరం కుదరక రెండు చేతులూ విడివడేవి. అప్పుడు తువ్వాలు దులిపి, "అత్యాశ" అనేవాడు. ఏ చేతినో చెప్పేవాడు కాదు.

సంత రోజు ఆయన గడ్డం గీయించుకునే అంగడిలో పేపరు ఉండేది. అక్కడే ఆయనకు అరబ్బు దేశం తగిలింది. ఆ దేశం పేరు నేను రాయను. ఆయన ఒక్కోసారి ఒక్కో రకంగా పలికేవాడు, ఏది రాసినా మిగతావాటికి అన్యాయం. అక్కడ ముసలిరాజు పోయాడు, పెద్దకొడుకు రాజయ్యాడు, రాజుగారి తమ్ముడు యువరాజయ్యాడు అని వార్త. సగం గడ్డం నురగలో ఉండగానే లేచి నిలబడ్డాడట.

"తమ్ముడా? కొడుకు కాదా?"

"తమ్ముడే. ఆడంతే అంట. అన్న తర్వాత తమ్ముడు" అన్నాడట మంగలి, కత్తి దూరంగా పెట్టి.

ఇంటికి వచ్చి అదే మాట ఏడాది పొడుగునా చెప్పాడు. "మన నాయన చెప్పిండే పద్ధతే! యాడి ఎడారి, యాడి పరిగి! చూసినారా, బుద్ధుండేవాళ్ళు యాడుండినా ఒకే తీరుగా ఆలోచిస్తారు."

అప్పటి నుంచి ఆ రాజకుటుంబం మా కుటుంబానికి దూరపు చుట్టమయింది. నాకు బాగా చదవడం వచ్చాక నేను ఆయన మంత్రినయ్యాను. "ఏమబ్బా మంత్రీ, మనోళ్ళ సమాచారమేంది?" అనేవాడు. మనోళ్ళంటే వాళ్ళే. పేపర్లో రాసే మాటల్లో ఆయనకు నచ్చింది ఒక్కటే, సుస్థిరత. నోట్లో బెల్లపు గడ్డలాగా తిప్పి తిప్పి పలికేవాడు. మంచం కోడు ఊగితే సుస్థిరత ల్యా. కడుపు గడబిడగా ఉంటే సుస్థిరత ల్యా. ఒకరోజు అవ్వ వడ్డించిన సంగటి కొంచెం జారుగా ఉందని కూడా ఆ మాటే అన్నాడు. ఆ పూట ఆయనకు నంజుకోవడానికి ఊరుబిండి రాలేదు.

ఒకసారి ఆ రాజుగారూ తమ్ముళ్ళూ వరసగా కూర్చున్న ఫోటో పడింది. చిన్నతాత దాన్ని వెలుతురుకు పట్టుకొని చాలాసేపు చూశాడు.

"ఇట్ల రా అబ్బా. వీళ్ళ తలకాయల మీద ఇదేంది?"

"తలగుడ్డ తాతా. ఎండకు కట్టుకుంటారు."

"ఎండకు మనం కట్టుకోమా? ఇంత పొడుగు కట్టుకుంటామా? భుజాలు దిగి మోచేతుల దాంకా వచ్చిండాది. ఇది బేరం గుడ్డ."

"రాజులు ఎద్దులు కొంటారా తాతా?"

"ఎద్దులెందుకు? రాజ్యం! ఇంతమంది అన్నదమ్ములు కూర్చోని నాకింత, నీకింత అని కొట్లాడుకుంటే బయటోడు వినడా? సుస్థిరత పోదా? అందుకే గుడ్డ కిందికి చేతులు పెడ్తారు, వేళ్ళు పట్టుకుంటారు. పైకి నవ్వుతాంటారు. చూడు, అందరూ నవ్వుతాండారా ల్యా?"

అందరూ నవ్వుతున్న మాట నిజమే. ఆ తర్వాత పెద్ద పెద్ద సంపాదకీయాలు చదివాను, ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు.

తర్వాత కొన్నేళ్ళకు పేపర్లో మరో వార్త. రాజుగారికి చేతకాక అధికారాలన్నీ తమ్ముడి చేతిలో పెట్టాడని. సరిగ్గా ఆ ఎండాకాలమే మా పెద్దతాతకు కామెర్లు పట్టుకున్నాయి. సంత రోజు పొద్దున్నే మంచం మీద నుంచి లేవలేక, "ఈ తూరి నువ్వే పోరా" అన్నాడు తమ్ముడితో.

చిన్నతాత తలస్నానం చేశాడు. ఉతికిన పంచె కట్టాడు. సంతలో ఎద్దును చూశాడు, ముందూ వెనకా అన్నీ చూశాడు. దళారి తువ్వాలు తీశాడు. చిన్నతాత చెయ్యి చాపాడు. తువ్వాలు ఇంకా గాల్లోనే ఉంది, జనంలోంచి ఒక కేక వినిపించింది.

"తియ్‌రా చెయ్యి!"

పెద్దతాత. గొంగళి కప్పుకొని, కళ్ళు పసుపు పూసినట్లుండి, ఎవరిదో బండి ఎక్కి వచ్చేశాడు. "నాకు తగ్గిపాయె" అన్నాడు. తగ్గలేదు. ఆ చెయ్యి తీయించి, తన చెయ్యి పెట్టి, చిన్నతాత చూపించిన ఎద్దును కాదని పక్కనున్నదాన్ని కొన్నాడు. అదే కాడి కింద పడుకునే ఎద్దు. దాని ఒంటి మీద ఏ సుడీ తప్పుగా లేదు. దాని తప్పు మనసులో ఉంది.

కొంతకాలానికి పేపర్లో మళ్ళీ వార్త. రాజుగారు అధికారాలు తమ్ముడి దగ్గర నుంచి వెనక్కి తీసుకున్నాడు. నేను చదివి వినిపించాను. చిన్నతాత తలూపాడు.

"ఆడ కూడా కామెర్లు తగ్గినట్లుండాయి" అన్నాడు.

ఆ తర్వాత నేను ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగట్లో గుమాస్తాగా చేరాను. వారానికొకసారి ప్యాసింజరు పట్టుకొని వచ్చేవాణ్ణి. మధ్యలో పెనుకొండలో ఒక్కోసారి పెద్దనాయన ఎక్కేవాడు. ఈయన పెద్దతాత ఒక్కగానొక్క కొడుకు, పెనుకొండ కోర్టులో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. ఇద్దరమూ గుమాస్తాలమే గానీ ఆయన భుజం మీద నల్లకోటు లేకపోయినా ఉన్నట్లే నడిచేవాడు. ఆయనకు సేద్యమంటే గిట్టదు. "భూమి గుత్తకిచ్చేసి, ఎద్దుల్ని అమ్మేసి, అమ్మనూ నాయననూ పెనుకొండకు తోడుకొచ్చేస్తా. నాయన తర్వాత నేనే గదా?" అనేవాడు కిటికీ బయటికి చూస్తూ.

"మధ్యలో చిన్నతాత ఉన్నాడు కదా పెద్దనాయనా?"

"ఉండనీ. ఆయనా వస్తాడు. ఆయనకేం గావాల, ఇంత సంగటి."

చిన్నతాతకు ఏం కావాలో ఆయనను తప్ప అందరినీ అడిగేవారు మా ఇంట్లో.

ఒక చలికాలం ఆ వార్త వచ్చింది. అన్నదమ్ములూ మతపెద్దలూ కూర్చొని రాజుగారిని దించేశారు. తమ్ముడిని రాజును చేశారు. నేను ధర్మవరం నుంచే పేపరు తీసుకెళ్ళి చిన్నతాతకు చదివాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన పేపరు తీసుకొని, నాలుగు మడతలు పెట్టి, దూలానికీ కప్పు మీది బోదగడ్డికీ మధ్య దోపాడు.

"చదవాల్సినప్పుడు చదువుదువులే" అన్నాడు. అంతే. అందుకే ఆయనను యువరాజు అంటున్నాను. కాచుకోవడం ఆ పదవికి అర్హత.

వేసవి పోయింది. ఉన్న రెండు ఎద్దుల్లో మంచిది జబ్బు చేసి చచ్చిపోయింది. పడుకునే ఎద్దు మిగిలింది. మొదటి వాన గట్టిగా పడింది. ఊళ్ళో అందరూ దుక్కికి మడకలు కట్టారు. విత్తనాల చెనక్కాయలు ఒలిచి గంపల్లో పోసి ఉన్నాయి. రెండో ఎద్దు లేకపోతే తేమ ఆరిపోతుంది, ఆ ఏడాది చేను బీడు పడుతుంది. పెద్దతాతకు అప్పటికే రెండు కళ్ళలో పొరలు. "సంతకు నేనే పోతా, నేనే కొంటా" అని పంతం. సంగతి తెలిసి పెద్దనాయన పెనుకొండ నుంచి వచ్చాడు. వచ్చింది ఎద్దు కోసం కాదు. "ఎందుకీ పాట్లు, గుత్తకిచ్చేద్దాం. మాట్లాడి పెట్టినా" అన్నాడు. పెద్దతాత గొంగళి మీద కూర్చొని ఇటా అటా అని ఊగుతున్నాడు. కొంటే గుడ్డిగా కొంటాడు, లేకపోతే భూమి పరాయి చేతికి పోతుంది. ఏ దారిలోనూ చిన్నతాత చేతికి మాత్రం ఏమీ రాదు.

ఆయన లేచి దూలం దగ్గరికి పోయాడు. పేపరు తీసి దుమ్ము దులిపాడు. నా చేతికిచ్చాడు.

"చదువబ్బా. గట్టిగా చదువు. అన్నకు చెవులు బాగుండాయి."

నేను చదివాను. రాజును దించడం, తమ్ముడిని ఎక్కించడం, దేశం సుస్థిరంగా ఉందనడం, అంతా. ముగించగానే పెద్దతాత అన్నాడు:

"ఇది చలికాలం పేపరు గదరా?"

"అన్నను దించిన సమాచారం పాతబడదన్నా" అన్నాడు చిన్నతాత. "తువ్వాలు ఇయ్యి."

ఆ మాట ఆయన నోట వస్తుందని మేమెవరమూ అనుకోలేదు. గొంతు పెద్దది కాలేదు. వంగలేదు కూడా. ఎప్పుడూ అన్న వెనక అరడుగు దూరంలో నిలబడేవాడు, ఆ రోజు ఎదురుగా నిలబడ్డాడు.

"నేను బతికుండంగానే?" అన్నాడు పెద్దతాత.

"ఆ రాజు కూడా బతికే ఉండాడు. మూడు పూటలా తింటాండాడు."

"కొడుకును నేనుండంగా ఇదేం అన్యాయం చిన్నాయనా?" అని పెద్దనాయన లేచాడు. "తురకల రాజ్యం పద్ధతి మనకు చట్టమా? కోర్టులో నిలబడ్తాదా?"

"మీ అబ్బ, మా నాయన, చెప్పిన పద్ధతి అది. ఆ దేశమోళ్ళు మననుంచి నేర్చుకున్నారో, మనం వాళ్ళనుంచి నేర్చుకున్నామో నాకు తెల్దు. నీ కోర్టు పెనుకొండలోనే పెట్టుకో నాయనా. ఆ దేశంలో కొడుకులు ల్యాక తమ్ముణ్ణి చేసినారా? కొడుకులు రైలు పెట్టెకు నిండుగా ఉండారు. పనికొచ్చేవాడు కావాలని చేసినారు. సరే, నువ్వే చెయ్యి. ఈ పొద్దు సంతకు పోయి ఎద్దును కొను. ఎల్లుండి దున్నించు, ఆ మరుసటి రోజు విత్తనం వెయ్యి. తువ్వాలు నేనే తెచ్చి నీ భుజానేస్తా."

"నాకు ఎల్లుండి వాయిదా ఉండాది" అన్నాడు పెద్దనాయన.

"అదీ."

పెద్దతాత కదలలేదు. భుజం మీది తువ్వాలును రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు వచ్చాయి. పొరల వల్ల ఎప్పుడూ వస్తూనే ఉంటాయి, కాబట్టి వాటికి నేను అర్థాలు చెప్పను. చిన్నతాత చెయ్యి చాపే ఉంచాడు.

అక్కడ మతపెద్దలు ఒప్పుకున్నారట. ఇక్కడ మతపెద్ద మా అవ్వ. ఆమె వంటింట్లోంచి వచ్చి, మొగుడి భుజం మీది తువ్వాలు లాగి, మరిది చేతిలో పెట్టింది.

"ఈయప్ప కండ్లకు ఎద్దూ ఒకటే, దూలమూ ఒకటే. నువ్వు పో సామీ" అని, పెద్దతాత వైపు తిరిగి, "లేచి సంగటి తిను. చల్లారిపోతాంది" అంది.

రాజ్యం మారింది. రక్తపాతం లేదు. సంగటి మాత్రం నిజంగానే చల్లారింది.

సంతకు నేను కూడా వెళ్ళాను. దళారి మడకశిర వైపువాడు, సగం కన్నడం సగం తెలుగు మాట్లాడేవాడు. చిన్నతాత భుజం మీద ఆ తువ్వాలు చూసి, "ఏనప్పా, పెద్దాయన యాడ?" అన్నాడు.

"ఇంట్లో ఉండాడు. ఇంగ నాతోనే మాట్లాడు."

"మర్యాద కాదు గదప్పా. యజమాని చెయ్యి..."

"యజమాని చెయ్యి ఇదే. పట్టుకుంటావా, ఇంకో దళారిని చూసుకోనా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవడో "అన్నను తరిమినావంట గదా" అన్నాడు. మా కన్నా ముందే వార్త సంతకు చేరింది. చిన్నతాత వాడి వైపు తిరిగి, "తరిమినా. నిన్ను తరిమేవాళ్ళెవురన్నా ఉండారా, ల్యాకుంటే నేను పంపియ్యల్నా?" అని మళ్ళీ ఎద్దు వైపు తిరిగాడు.

తువ్వాలు పడింది. చెయ్యి కిందికి పోయింది. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఏదైనా మెరుపు మెరుస్తుందేమో, జీవితమంతా కళ్ళ ముందు కదులుతుందేమో అని. ఆయన, "వాన ఈ తూరి పెనుకొండ దిక్కు ఎక్కువ పడిందంట" అన్నాడు. దళారి, "హౌదా?" అన్నాడు. తువ్వాలు కింద ఏదో ఎగిరి ఎగిరి పడుతోంది. దళారి కనుబొమలు పైకి లేచాయి. చిన్నతాత చెయ్యి లాగేసుకొని నాలుగడుగులు నడిచాడు. దళారి వెంటపడి మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ వానల సంగతి, మళ్ళీ గుడ్డ కింద కొట్లాట. చివరికి దళారి "ఆయ్తప్పా ఆయ్తు, ఇంత మొండి చెయ్యి నేను చూడలేదు" అని తువ్వాలు తీసేశాడు.

ఎంతకు కొన్నాడో ఎవరికీ చెప్పలేదు. అవ్వ అడిగినా చెప్పలేదు. "గుడ్డ కింద మాట గుడ్డ కిందనే" అన్నాడు.

ఇంత జరిగాక ఆ ఎద్దు ఐరావతం అని రాయాలని నాకూ ఉంది. కాదు. మామూలు ఎద్దు. రైల్వే గేటు దగ్గరికి రాగానే ఆగిపోయేది. రైలు వచ్చి పోతే గానీ కదిలేది కాదు, రైలు లేని వేళల్లో కూడా. కానీ కాడి కింద పడుకోలేదు. తేమ ఆరకముందే విత్తనం పడింది. భూమి మా చేతిలోనే ఉంది. పడుకునే ఎద్దు కూడా పక్కదాన్ని చూసి సిగ్గుపడిందో ఏమో, పడుకోవడం తగ్గించింది. అన్నను దించినోడని తలలూపినవాళ్ళు ఆ చెనక్కాయలు ఉడకబెట్టుకొని తిన్నారు, తలలు అప్పుడు వేరే దిక్కుకు ఊపారు.

పెద్దతాత నెల రోజులు తమ్ముడితో మాట్లాడలేదు. ఆ నెలంతా చిన్నతాత రోజూ జగిలి కింద నిలబడి, "అన్నా, పై చేను దున్నించినా. అన్నా, కలుపు తీపిస్తాండా" అని చెప్పి పోయేవాడు. జవాబు రాకపోయినా చెప్పేవాడు. గొంగళి మీద మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు. "అది మా అన్నది" అన్నాడు. ఒకరోజు జవాబు వచ్చింది. "కలుపు తీపిచ్చేటప్పుడు ఆ గట్టు కాడ చూసుకో, ఆడ గరికె ఎక్కువ" అని.

ఏలుబడి మొదలైన కొత్తలో ఆయన ధర్మవరం వచ్చాడు. నేను పనిచేసే అంగట్లోకి నేరుగా వచ్చి, మా సావుకారు ముందర కూర్చొని, బేరానికి ఒక పట్టు తువ్వాలు నేయించాలన్నాడు.

"పట్టు తువ్వాలా? పెండ్లా తాతా?" అన్నాడు సావుకారు.

"పెండ్లి ఎప్పుడో అయిపాయె. ఇది పట్టాభిషేకం."

సావుకారు నా వైపు చూశాడు. నేను చీరలు మడతపెట్టడంలో మునిగిపోయాను. చిన్నతాత ఒక పట్టుగుడ్డ తీసుకొని, నా చేతినీ తన చేతినీ కలిపి పైన కప్పి, వేళ్ళు ఆడించి చూశాడు. గుడ్డ జారిపోయింది. మళ్ళీ కప్పాడు, మళ్ళీ జారింది.

"ఇది పనికిరాదు. చేతులు బయటపడ్తాయి. చేతులు బయటపడితే రాజ్యం బయటపడ్తాది" అని లేచాడు. స్టేషన్ బయట ఒక నూలు తువ్వాలు కొనుక్కున్నాడు.

ప్యాసింజరు ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద కూర్చొని బొరుగులు తింటూ, నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న అడిగాను.

"తాతా, అన్న తర్వాత తమ్ముడు, ఆ తమ్ముడి తర్వాత ఇంకో తమ్ముడు. సరే. తమ్ముళ్ళయిపోతే?"

ఆయన బొరుగులు నమలడం ఆపాడు. పళ్ళు లేవు కాబట్టి అదొక పెద్ద విరామం.

"వాళ్ళకేమబ్బా, ఇంకా శానామంది ఉండారు. ఇప్పట్లో అయిపోరు. అయిపోయేది నేనే."

"మరి నీ తర్వాత? పెద్దనాయన మళ్ళీ వస్తాడు. యువరాజు ఎవరో ఇప్పుడే చెప్పెయ్యి, సుస్థిరత ఉంటుంది."

"చెప్పను."

"ఎందుకు?"

"నాకు మీసం మొలిచినప్పటి నుంచి కాచుకుంటాండా. అన్న దగ్గితే, ఇదిగో వచ్చె అనుకునేవాణ్ణి. అట్ల అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. తోడబుట్టినోని దగ్గు లెక్క పెట్టుకుంటా బతికేది ఒక బతుకా? నేను ఒకర్ని యువరాజని చెప్తే, రేపట్నుంచి వాడు నా దగ్గు వింటాంటాడు. వద్దు. చేతనైనోడు చెయ్యనీ, చేతకానోడు వాయిదాకు పోనీ. యువరాజు అనే పదవిని తీసేస్తాండా. రాసుకో."

"సుస్థిరత పోతుంది కదా తాతా?"

"పోనీ పో. పేపరోళ్ళు ఏమన్నా రాసుకోనీ."

రైలు వచ్చింది. ఆయన కొత్త తువ్వాలు ఒళ్ళో కప్పుకొని కిటికీ పక్కన కూర్చున్నాడు. కింద చేతులు రెండూ కదలకుండా ఉన్నాయి. ఇక తనతో తాను బేరం చేయడం ఆయన మానేశాడని అప్పుడు గమనించాను.

ఎవరినీ యువరాజని చెప్పకుండా, తన మాట మీదే పోయాడు. దినాలయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయాక, పెద్దనాయన జగిలి ముందర నిలబడి గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు తర్వాతి సంగతి తేల్చుకోవాల" అన్నాడు. గొంగళి మీద పెద్దతాత ఉన్నాడు, ఇంకా బతికే, చూపు పూర్తిగా పోయి.

"తేల్చుకునేది ఏం ల్యా" అన్నాడు పెద్దతాత. "వాడు ఎవుర్నీ చెప్పి పోలేదు. నేను కూడా చెప్పను."

"నువ్వేం చెప్పేది నాయనా, నిన్ను దించేసినారు గదా?"

"అవును. నన్ను దించినోని మాట ఇది. దాటే దమ్ముంటే దాటు."

పెద్దనాయన సాయంత్రం రైలుకు పెనుకొండ వెళ్ళిపోయాడు. ఎవరూ ఎవరికీ తువ్వాలు ఇవ్వలేదు. అవ్వ దాన్ని ఉతికి ఆరేసింది. నేను సెలవు పొడిగించమని సావుకారుకు కబురు పంపాను.

ఎద్దులకు లాడాలు అరిగిపోయాయి. కొట్టేవాడు బుధవారం పరిగికి వస్తాడట. పొద్దున తొందరగా తోలుకుపోతే రద్దీ ఉండదు.